ఆరేశానక్కా

రిజర్వాయరు వెనక, రెల్లు పెరిగిన పల్లంలో ఆ స్టేషను ఉంది. రైళ్లు ఆగని స్టేషను. ఇక్కడ ఆగేవి పిట్టలు. అవి కూడా తమంతట తాము ఆగవు, వల వేసి ఆపాలి. ‘వలస’లో మొదటి రెండక్షరాలూ వలేనని కనిపెట్టింది ఈ స్టేషనులో రాతపని చేసే పెద్దమనిషి. రోజుకొకరికైనా ఆ సంగతి చెప్పకపోతే ఆయనకు తిన్నది అరగదు. పలకరిస్తే చాలు ఎక్కడో మొదలుపెట్టి ఇంకెక్కడో తేలతాడు కాబట్టి ఆయన్ని అందరూ పిట్టకథ అంటారు.

ఆయన భార్య సూపర్‌వైజరు. పిట్టలు వలస పోయే రెండు నెలలు మాత్రమే ఆమెకు ఇక్కడ కొలువు. కొలువంటే నిజంగా కొలవడమే. రెక్క కొలవాలి, తోక కొలవాలి, బరువు తూయాలి, కడుపు మీది ఈకల్ని నోటితో ఊది కింద కొవ్వెంత పట్టిందో చూడాలి, ఆపైన నంబరున్న బుల్లి ఉంగరం కాలికి తొడిగి వదిలేయాలి. కాలికి పెట్టేదాన్ని ఉంగరం అనకూడదు, కడియం అనాలని పిట్టకథ వాదన. ఆమె వాదించదు. చేతిలో పిట్ట ఉన్నంతసేపూ ఎవరితోనూ వాదించదు. రెక్కలు కొలిచే పనిలో ఆమె రెక్కలు ముక్కలు చేసుకోవడం చూసినవాళ్లు ఆమెకు పిట్టమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరు ఉంగరాలు పంపే ఆఫీసుకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

మూడో మనిషి ఆమె తమ్ముడు. వలలు కట్టడం, చుట్టడం, పడ్డ పిట్టల్ని చిక్కు తీసి గుడ్డ సంచుల్లో తేవడం అతని పని. నలభై దాటినవాడు. ఒక్క మాట సరిపోయే చోట అరమాటతో గడిపేస్తాడు. తిరిగేది పొదల్లో, మాటలు వాడేది పొదుపుగా. అందుకని బావ అతన్ని పొదుపు అని పిలుస్తాడు.

ముగ్గురి చేతుల్లో రెండు జతలకే లైసెన్సు ఉంది. పిట్టమ్మ, పొదుపు పిట్టను ముట్టుకోవచ్చు. పిట్టకథ కలాన్ని మాత్రమే ముట్టుకోవాలి.

స్టేషను తలుపు మీద ఒక నియమం అంటించి ఉంది. సీజనులో వలల వల్ల మూడు పిట్టలు చనిపోతే, మూడోది పోయిన రోజే వలలన్నీ దించేయాలి. స్టేషను మూతపడుతుంది. సూపర్‌వైజరు లైసెన్సు పోతుంది, ఆ తర్వాత ఏ స్టేషనూ ఆమెను పిలవదు. ఆ సీజనులో అప్పటికే రెండు పోయాయి. ఒకదాన్ని వలలో ఉండగానే డేగ తన్నింది. రెండోది ఏ కారణమూ చెప్పకుండా పిట్టమ్మ అరచేతిలోనే కళ్లు మూసింది. అప్పట్నుంచీ ఆమె సంచి విప్పే ముందు ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని, లోపల కదలిక విన్నాకే విప్పుతోంది.

ఆ రోజు తెల్లవారుతూనే వాన పట్టుకుంది. వానలో వల వేయరు. తడిసిన పిట్ట చలికి తట్టుకోలేదు. వేసిన వలల్ని పొదుపు ఎక్కడివక్కడ చుట్టేసి వచ్చి, దవడ పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. కుడి దవడ రాత్రికి రాత్రే బూరెలా పొంగింది.

"పన్ను పీకించుకోవాలక్కా" అన్నాడు. ఆ వారంలో అప్పటిదాకా అతని నోటి నుంచి వచ్చిన పెద్ద వాక్యం అదే.

"పన్ను కట్టమంటే ముఖం అలా పెట్టేవాళ్లను చూశాను" అన్నాడు పిట్టకథ. "పీకించుకోవడానికి కూడా అంత ఏడుపేమిటోయ్."

"నువ్వు మాట్లాడితే ఇటువైపు కూడా నొప్పి, బావా" అన్నాడు పొదుపు, వాపు లేని దవడ చూపించి.

పిట్టమ్మ కిటికీలోంచి ఆకాశం చూసింది. "వాన తగ్గితే వెళ్లు. పోయే ముందు వలల సంగతి చూడు. తెరిపిస్తే వెయ్, లేకపోతే విప్పి తెచ్చి వెనక తాడు మీద పడెయ్. నీ ఇష్టం."

తడిసిన వలల్ని షెడ్డు వెనక తాడు మీద పరిచి ఆరబెట్టడం అక్కడి అలవాటు. తడి వల బరువుకు కిందికి సాగిపోతుంది, దాని మడతలు నేలను తాకుతాయి. నేల మీద పిల్లి తిరుగుతూ ఉంటుంది.

కాసేపటికి వాన ఆగింది. పొదుపు రెల్లు వైపు వెళ్లాడు. ఆకాశం ఒకవైపు తేటపడుతోంది, ఇంకోవైపు నల్లగానే ఉంది. వేశాడో తీశాడో తెలియక పిట్టమ్మ వాకీటాకీ నొక్కింది.

"ఒరేయ్, వలలేం చేశావు?"

ఆ వాకీటాకీ పల్లంలోకి వెళ్లే ప్రతి మాటలోనూ తన వాటా తినేస్తుంది. ‘వలలేం చేశావు’ అవతలి చెవికి చేరేసరికి ‘వలలెన్నేశావు’ అయింది. అక్క అడిగిన లెక్కకు, వాచిన దవడను వీలైనంత తక్కువ కదిలించి, పొదుపు నిజమే చెప్పాడు.

"ఆరేశానక్కా."

గాలి తక్కువగా ఉన్న పల్లపు వైపు అతను వేసింది సరిగ్గా ఆరు వలలు. ఆమె చెవిలో పడింది, వలల్ని తాడు మీద ఆరేశాడని. ఆరు వేసినవాడు చెప్పినా అదే మాట, ఆరబెట్టినవాడు చెప్పినా అదే మాట. అక్షరం తేడా లేదు.

"సరే, నువ్వెళ్లి పన్ను చూపించుకో. ఇక్కడ నేను చూసుకుంటాలే" అంది.

అక్క వలలు చూసుకుంటానందని పొదుపు తన వాకీటాకీని స్టేషను మెట్టు మీద పెట్టి సైకిలెక్కాడు. తమ్ముడు వలలు తీసేశాడని పిట్టమ్మ బల్ల ముందు కూర్చుని, కలిసిపోయిన ఉంగరాలను సైజుల వారీగా డబ్బాల్లో సర్దడం మొదలుపెట్టింది.

వాన వెలిసిన పొద్దున పిట్టలకు ఆకలి విపరీతం. రాత్రంతా ఎగిరి వచ్చి, తడిలో ముడుచుకుని కూర్చున్నవి ఒక్కసారిగా రెల్లులోంచి బయటపడతాయి. ఆ వలలు పొగమంచంత పలుచన, దగ్గరికొస్తే గాని కనపడవు. మామూలుగా అరగంటకోసారి వెళ్లి చూడకపోతే పిట్టకు ప్రాణగండం. ఆ పూట చూసేవాళ్లు లేరు.

"ఎలా అరుస్తున్నాయో విన్నారా" అంది పిట్టమ్మ, చేతిలో ఉంగరాలతోనే. "ఇవాళ వలలుంటే సంచులు చాలేవి కావు."

"సంచులు చాలకపోతే నా జేబులున్నాయి."

"మీ జేబుల్లో పెడితే మీ మాటలకే చచ్చిపోతాయి."

"పిట్టలకు పిట్టకథలు నచ్చవంటావా. ఏం చేస్తాం, నా రాత. రాసేవాణ్నే కదా, బాగా రాసుకోవాల్సింది." తలుపు దగ్గర నిలబడి చొక్కా విప్పుతున్నాడు. పొద్దున వలల దగ్గర బావమరిదికి సాయం వెళ్లి తడిసిన చొక్కా అది. దాన్ని పిండుకుంటూ షెడ్డు వెనక్కి వెళ్లాడు.

ఎండ వచ్చింది. పిట్టమ్మ టీ చేసింది, తాగింది. ఉంగరాల డబ్బాలకు మూతలు పెట్టింది. బయట గోల తగ్గింది. తగ్గడం ఆమెకు బాగా అనిపించలేదు, కానీ ఎందుకో తోచలేదు. పిట్టకథ బనీనుతో, ఖాళీ చేతులతో హుషారుగా తిరిగొచ్చాడు.

"దర్జాగా ఆరేసుకొచ్చాను. తాడంతా నాదే. ఈ చివర ఒక చెయ్యి, ఆ చివర ఒక చెయ్యి. మా ఇంట్లో కూడా నాకు అంత చోటు లేదు."

"వలల మీద వేశారా?"

"వలలెక్కడివి? తాడు ఖాళీగా ఉంటేనూ."

పిట్టమ్మ లేవడం ఆయన చూడలేదు. కుర్చీ వెల్లకిలా పడిన చప్పుడు మాత్రం విన్నాడు.

"ఆరేశానన్నాడు" అంది ఆమె. తర్వాత అదే మాటను విరిచి, నెమ్మదిగా అంది. "ఆరు. వేశా."

పిట్టకథ నోరు తెరిచాడు. ఆమె ముఖం చూసి మూసేశాడు.

"సంచులొద్దు. ఆ చిన్న కత్తెర ఇలా ఇవ్వండి. వాకీటాకీలు రెండూ తీసుకోండి."

"సంచులు లేకుండా తెచ్చి కొలిచేదెలా?"

"కొలిచేది లేదు, వదిలేయడమే. మీరు సరాసరి ఆరో వల దగ్గరికి పోండి. పిల్లి తిరిగేది అక్కడే. పిల్లిని దగ్గరికి రానివ్వకండి. పిట్టను మాత్రం ముట్టుకోకండి."

ఇద్దరూ పరుగెత్తారు. ఆయనకు పరుగు అలవాటు లేదు. పొట్ట ఆయనకంటే ఒక అడుగు ముందుండి దారి తీసింది.

మొదటి వల నిండా ఉంది. తడిసిన దూది ముద్దల్లా, ఒక్కో మడతలో రెండేసి మూడేసి వేలాడుతున్నాయి. కొన్ని గింజుకుంటున్నాయి. గింజుకోనివాటి వైపు ముందు నడిచింది. దగ్గరికెళ్లి చూస్తే కళ్లు ఆర్పుతున్నాయి. చిక్కు తీయడానికి ఒక వరస ఉంది. పిట్ట ఏ వైపు నుంచి వలలో పడిందో ఆ వైపు నుంచే తీయాలి. ముందు కాళ్లు, తర్వాత రెక్కలు, చివరికి తల. తొందరపడితే చేతిలో ఉన్నదాని కాలు విరుగుతుంది, నెమ్మదిస్తే పక్కదాని ప్రాణం పోతుంది. ఆమె వేళ్లు ఈ రెంటి మధ్య సందు వెతుక్కుంటూ కదిలాయి. ఒకటి వదిలింది. ఒకటి వదిలింది. ఒకటి వదిలింది. వల ఖాళీ అయ్యాక చుట్టి కట్టేసి రెండోదాని దగ్గరికి పరుగెత్తింది.

పరుగెత్తుతూనే తమ్ముడికి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. నోరంతా తెరిచి ఏ కుర్చీలోనో వెల్లకిలా పడి ఉంటాడు.

వాకీటాకీ గరగరమంది. "నేను చేరాను."

"పిల్లి?"

"ఉంది. కూర్చుని నన్ను చూస్తోంది. నేను దాన్ని చూస్తున్నా."

"తరమండి. అరవకండి, పిట్టలు బెదిరి ఇంకా చిక్కుపడతాయి."

"అరవకుండా తరమడమెలా?"

"చేతులూపండి."

చెప్పినట్టే చేశాడేమో, కాసేపు అటు నుంచి చప్పుడు లేదు. రెండో వల అయింది. మూడోదాంట్లో సగం అయింది. ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. నీడ లేని వైపు వేలాడుతున్నవి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. మళ్లీ గరగర.

"ఇదిగో, ఇక్కడ అడుగు మడతలో ఒకటుంది. నోరు తెరుచుకునే ఉంది, మూయడం లేదు. నాలుక మీద దారం కనిపిస్తోంది."

పిట్టమ్మ చేతిలో రెక్క ఇరుక్కున్న పిట్ట ఉంది. ఆమె దాని మీంచి చూపు తీయలేదు.

"అరుస్తోందా?"

"ఇందాక అరిచింది. ఇప్పుడు అరవడం లేదు."

"ముట్టుకోకండి."

"ముట్టుకోను. నువ్వు రా."

పిట్ట నాలుక వెనక సన్నటి ముళ్లుంటాయి, తిన్నది బయటికి జారకుండా. వల పోగు ఆ ముళ్ల వెనక చిక్కుకుంటే పిట్ట గింజుకున్న కొద్దీ బిగుస్తుంది. లాగితే నాలుక తెగుతుంది. నాలుక తెగిన పిట్ట తినలేదు. తినలేనిది సాయంత్రం చూడదు.

ఆమె రెక్క విడిపించి, వదిలి, లేచి నిలబడింది. మూడో వలలో ఇంకా సగం ఉన్నాయి. నాలుగోది, అయిదోది అసలు ముట్టుకోనే లేదు. వాటన్నిటినీ ఎండలో వదిలి, ఒక్కదాని కోసం వాటి పక్కనుంచే పోవాలి. పోయింది. నాలుగో వల దాటుతుంటే రెక్కలు టపటపా కొట్టుకున్న చప్పుడు. తల తిప్పలేదు. అయిదో వల దాటుతుంటే చప్పుడే లేదు. అప్పుడు తిప్పింది. ఒక కన్ను ఆర్పడం కనిపించేదాకా చూసి మళ్లీ పరుగెత్తింది.

ఆరో వల ముందు పిట్టకథ బనీనుతో, రెండు చేతులూ చాపి, పొలంలో గడ్డిబొమ్మలా నిలబడి ఉన్నాడు. పిల్లి అవతల గట్టు మీద కూర్చుని ఉంది. ఆయన దాని కళ్లలోకి చూస్తూనే ఉన్నాడు, భార్య వచ్చిందని చూపు తిప్పలేదు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. అది రెల్లు పిట్ట, బొటనవేలంత. తల వెనక్కి వాలిపోయి ఉంది. నాలుక మీద పోగు మెలి తిరిగింది. జడలోంచి పిన్ను తీసి, దాని మొనతో పోగును ఎత్తబోయింది. ఒకసారి జారింది. రెండోసారి ఎత్తింది కానీ ముల్లు దాటలేదు. పిట్ట కన్ను సగం మూసుకుంది.

"ఏమైంది?" అన్నాడు ఆయన, పిల్లినే చూస్తూ.

"మాట్లాడకండి."

కత్తెర తీసింది. వల కోయడం చివరి దారి. కోసిన ముక్క నోట్లో మిగిలితే గొంతులోకి పోతుంది. ఎడమ చేతి రెండు వేళ్లతో పోగు కొసను పట్టుకుని, ఆ వేళ్ల పక్కనే కోసింది. ఇంకో వైపూ కోసింది. అప్పుడు పోగు వదులైంది. పిన్ను మొనతో ముల్లు దాటించి బయటికి తీసింది. పోగంతా వచ్చింది. నాలుక ఎర్రగా కంది ఉంది, తెగలేదు. పిట్ట మాత్రం అరచేతిలో ఎటు వంచితే అటు వాలుతోంది.

దాన్ని చీకటి పెట్టెలో పెట్టి వదిలేయాలి. ముట్టుకోకుండా, మాట్లాడకుండా, వెచ్చగా. పెట్టె స్టేషనులో ఉంది. ఇక్కడ నాలుగు వలల్లో ఇంకా ప్రాణాలు వేలాడుతున్నాయి. అందులోనూ సంచులొద్దన్నది తనే.

"చేతులు పట్టండి" అంది.

"ముట్టుకోవద్దన్నావు."

"పట్టండి. ఎవరడిగినా నేనే ఇచ్చానని చెప్పండి."

ఆయన రెండు చేతులూ దొప్పలా పట్టాడు. ఆమె పిట్టను అందులో పెట్టి పై చెయ్యి మూసింది. "నొక్కకండి. పరుగెత్తకండి. తీసుకెళ్లి పెట్టెలో పెట్టి మూత వేయండి. మూత తీసి చూడకండి."

ఆయన తలూపాడు. స్టేషను దాకా ఒక్క మాట మాట్లాడకుండా నడిచాడు. వినేవాళ్లు దారిలో ఎవరూ లేకపోయినా ఆయన మాట్లాడకుండా నడవడం అదే మొదటిసారి.

పిట్టమ్మ తిరిగొచ్చేసరికి ఆరు వలలూ ఖాళీ అయి, చుట్టి, కట్టేసి ఉన్నాయి. అన్నీ ఎగిరాయి. కుంటుతూ ఎగిరినది ఒకటుంది, అదీ ఎగిరింది. మిగిలింది బల్ల మీద ఉన్న పెట్టె ఒక్కటే. దాని మీదకు వంగి, చెవి పెట్టి వింది. ఏమీ వినపడలేదు. నిద్రలో ఉన్న పిట్టా చప్పుడు చేయదు, పోయిన పిట్టా చప్పుడు చేయదు.

"ఎప్పుడు చూడొచ్చు?" అన్నాడు పిట్టకథ గుసగుసగా.

"దాని టైము అది తీసుకోవాలి. బయటికి తీసుకెళ్లి, చెట్ల కింద తెరవాలి. అప్పటిదాకా ఎవరూ కదపొద్దు."

సైకిలు చప్పుడైంది. పొదుపు నోట్లో దూది కుక్కుకుని లోపలికి వచ్చాడు. అక్క మోకాళ్ల మీద బురద, బావ ఒంటి మీద బనీను, బల్ల మీద పెట్టె. పెట్టె దేనికి వాడతారో అతనికి తెలుసు. ఉన్నచోటే ఆగిపోయాడు.

"వలలు ఆరేశానన్నావుగా నువ్వు" అంది పిట్టమ్మ.

"ఊ" అన్నాడు దూదిలోంచి.

"తాడు మీద ఆరేశావనుకున్నాను."

అతను అయిదు వేళ్లు చూపించాడు. రెండో చేతి వేలు ఒకటి కలిపాడు. రెండు చేతులూ ఎడంగా చాపి వల విప్పినట్టు చూపించాడు.

"ఇప్పుడు తెలుస్తోంది" అంది ఆమె.

"ను అయిగావ్ గా, ఎన్నేహావని." నువ్వు అడిగావు కదా, ఎన్ని వేశావని.

"నేనెప్పుడడిగాన్రా. ఏం చేశావని అడిగాను."

ఇద్దరూ నిజమే చెప్పారు. తప్పు ఎవరిదో తేలితే ఇద్దరికీ కొంత తేలికగా ఉండేది. పిట్టకథ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంత గొప్ప శ్లేష ఆయన జీవితంలో మళ్లీ దొరకదు. నోరు మెదపలేదు.

"బతికుందా?" పొదుపు దూది తీసి చేతిలో పట్టుకున్నాడు. పెదవి మీద నెత్తురు ఉంది.

"తెలీదు."

"నేను చూస్తా."

"ముట్టుకోకు."

"ఇది పోతే నీ పని పోతుంది, నా నోటి వల్ల. నేను చూస్తానక్కా."

ఇంత పొడుగు మాట అతని నోటి నుంచి వస్తుందని అనుకోని ఆమె ఒక్క క్షణం తడబడింది. ఆ క్షణంలో అతను మూత ఎత్తాడు.

పిట్ట బాణంలా లేచింది. గది కప్పుకు ఒకసారి తగిలి, వెలుతురు కనపడిన వైపు తిరిగింది. వెలుతురు కనపడింది మూసి ఉన్న కిటికీ అద్దంలో. అద్దానికి కొట్టుకున్న పిట్ట బతకడం పిట్టమ్మ ఎన్నడూ చూడలేదు. ఆమె చెయ్యి చాపింది కానీ దూరంలో ఉంది. పిట్టకథ దగ్గర్లో ఉన్నాడు. ఆయన ఆలోచించలేదు, గోడను వదిలి కిటికీకి అడ్డంగా జరిగాడు. పిట్ట వచ్చి ఆయన పొట్టకు కొట్టుకుంది.

పొట్ట అద్దం కాదు. పిట్ట జారబోయి, బనీను అల్లికలో గోళ్లు గుచ్చి పట్టుకుని, అక్కడే వేలాడింది. దాని ఒళ్లంతా ఎగసిపడుతోంది.

ఎవరూ కదలలేదు.

"ఊపిరి బిగపట్టండి" అంది పిట్టమ్మ, పెదవులు కదిలీ కదలనట్టు. "పొట్ట కదిలితే ఎగిరిపోతుంది, మళ్లీ అద్దానికే పోతుంది. తలుపు వైపు నడవండి. మెల్లగా."

పొదుపు గోడకు అంటుకుంటూ పోయి తలుపు బార్లా తెరిచాడు. పిట్టకథ ఒక అడుగు వేశాడు. పిట్ట తల తిప్పి కిటికీ వైపు చూసింది. ఆయన ఆగాడు. అది తల ఇటు తిప్పింది. ఇంకో అడుగు వేశాడు. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. గుమ్మం దగ్గర మెట్టుంది. కిందికి చూస్తే గడ్డం పిట్టకు తగులుతుంది. చూడకుండా కాలితో తడిమి, మెట్టు దిగాడు. ఎండ పడింది. ఆకుల నీడ పడింది.

పిట్ట బనీను వదిలింది. ముందు వంకరగా, నేలకు కాస్త పైన, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోయేలా ఎగిరింది. తర్వాత సర్దుకుంది. రెల్లు మీదుగా పోయి, ఒక కాడను పట్టుకుని, కాడతో పాటు ఊగింది. ముక్కును కాడకు ఇటూ అటూ రాసుకుంది. నోరు తెరిచింది, మూసింది. ఒక చిన్న కూత వినపడింది. తర్వాత రెల్లులోకి దూరిపోయింది.

పిట్టమ్మ గుమ్మంలో కూర్చుండిపోయింది. "ఇంక ఊపిరి తీసుకోండి."

ఆయన తీసుకున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వంగి, చాలాసేపు అదే పని చేశాడు. పొదుపు వచ్చి బావ పక్కన నిలబడ్డాడు. వీపు మీద చెయ్యి వేశాడు.

"ఏదైనా మాట్లాడండి" అంది పిట్టమ్మ. "మీరలా ఉంటే నాకు భయంగా ఉంది."

పిట్టకథ నడుము నిటారు చేసి, రెల్లు వైపు చూస్తూ కాసేపు వెతుక్కున్నాడు.

"ఏమీ తోచడం లేదు" అన్నాడు.